మీ చిన్నదానికి ఇక్కడ కారు ఇవ్వొద్దు

కోకాపేట, హైదరాబాద్

సరళా,

డిసెంబరులో అందరూ వస్తున్నారని చదివి ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. కానీ చివర్లో ఓ మాట అడిగావు చూడు, "దీనికి లైసెన్స్ వచ్చేసింది కదా, అక్కడ మా తమ్ముడి కారు నడపొచ్చా?" అని. దానికి ఫోన్లో రెండు ముక్కలు టైప్ చేసి ఊరుకోబుద్ధి కాలేదు. అందుకే ఈ ఉత్తరం. వద్దే. పదిహేడేళ్ల పిల్లకు ఇక్కడ కారు ఇవ్వకూడదు, న్యూజెర్సీలో, మీ ఎడిసన్‌లో అది ఎంత చక్కగా నడిపినా సరే.

ముందు చట్టం సంగతి. 18 నిండందే మన దగ్గర కారు నడపడానికి లేదు. తల్లిదండ్రులు ఒప్పుకుంటే పదహారేళ్లకే ఇచ్చే లైసెన్స్ ఒకటి ఉంది గానీ, అది 50 సీసీ మించని, గేర్లు లేని బండికి. 2019లో చట్టాన్ని సవరించినప్పుడు 199ఏ అనే సెక్షన్ చేర్చారు. మైనరు బండి నడుపుతూ నేరం చేస్తే తప్పు తల్లిదండ్రులదో బండి యజమానిదో అవుతుంది. మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దు. నడిపిన పిల్లకు 25 ఏళ్లు నిండేదాకా లైసెన్స్ రాదు. "నాకు తెలియకుండా తీసుకెళ్లింది" అని ఊరికే అంటే సరిపోదు, తనకు తెలియదని నిరూపించుకోవాల్సింది యజమానే. అంటే మీ తమ్ముడే. ఈ సెక్షన్ రాకముందు, 2018లోనే, పిల్లలకు బండ్లిచ్చిన తండ్రుల్ని ఇక్కడి కోర్టులు జైలుకు పంపాయి. 2025 ఏప్రిల్‌లో హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులు మైనర్ల కోసమే ప్రత్యేకంగా తనిఖీలు మొదలుపెట్టారు.

అయితే నేను వద్దంటున్నది కేసు భయంతో మాత్రమే కాదు. ఆఫీసుకు రోజూ పుప్పాలగూడ మీదుగా వెళ్తాను. క్రికెటర్ అజారుద్దీన్ గారి అబ్బాయి అయాజుద్దీన్ ప్రమాదం నీకు గుర్తుండే ఉంటుంది. 2011 సెప్టెంబరు, ఆదివారం పొద్దున, పుప్పాలగూడ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు మీద. అతనికి పందొమ్మిదేళ్లు. వెయ్యి సీసీ బండి. వెనక కూర్చున్న దగ్గరి బంధువుల అబ్బాయికి పదహారే. ఇద్దరూ దక్కలేదు. ఔటర్ మీదికి టూవీలర్లు రాకూడదని నిబంధన ఉంది. ఉండి ఏం లాభం?

నన్ను కుదురుగా ఉండనివ్వనిది ఇంకోటి ఉంది. ఆ పందొమ్మిదేళ్ల వయసుకి మన చట్టంలో ఏ అడ్డూ లేదు. గేర్ల బండి లైసెన్స్ ఒకసారి చేతికొస్తే వంద సీసీ బండికీ అదే, వెయ్యి సీసీ బండికీ అదే. లెర్నర్స్ లైసెన్స్ తీసుకుని ముప్పై రోజులు ఆగితే కొండాపూర్ ఆర్టీఏ ఆఫీసులో టెస్టుకు వెళ్లొచ్చు. పాసయ్యాడా, ఆ రాత్రే నలుగురు స్నేహితుల్ని ఎక్కించుకుని కేబుల్ బ్రిడ్జి మీద నూటయాభై కిలోమీటర్ల వేగంతో కారు తీసినా, స్పీడు తప్ప అడగడానికి పోలీసుకు మరో కారణం దొరకదు. పద్దెనిమిదో పుట్టినరోజు ముందు రోజు దాకా అంతా నేరం, ఆ ముప్పై రోజులు దాటి టెస్టు పాసయితే అంతా హక్కు. నడుమ ఇంకో మెట్టు లేదు.

మీ దగ్గర ఆ మెట్లున్నాయి. పదహారేళ్లకు పర్మిట్, పెద్దవాళ్లు పక్కన కూర్చుంటే ఆరు నెలలు నడపడం, ఆ తర్వాత పదిహేడేళ్లకు వచ్చే ప్రొబేషనరీ లైసెన్స్‌తో రాత్రి పదకొండు దాటాక తెల్లవారి ఐదింటి దాకా బండి తీయకూడదు, తల్లిదండ్రులు, తన మీద ఆధారపడినవాళ్లు కాక ఒక్కరినే ఎక్కించుకోవాలి. నెంబర్ ప్లేట్లకు ఆ ఎర్ర స్టిక్కర్లు అతికించుకోవాలి. మీ చిన్నది వాటిని చూసి మొహం మాడ్చుకుంటోందన్నావు, నాకు ముచ్చటేసింది. 1987లో న్యూజిలాండ్ వాళ్లు మొదలుపెట్టిన పద్ధతి అది. కొత్తగా నేర్చిన పిల్లలకు చీకటి, పక్కన అదే వయసు స్నేహితులు, ఈ రెండూ ప్రమాదాన్ని పెంచుతాయని గమనించి కట్టుబాట్లు ఆ రెండింటి మీదే పెట్టారు. 2016 జూలైలో పంజాగుట్టలో తాగి ఉన్న ఇంజినీరింగ్ కుర్రాళ్ల కారు డివైడర్ ఎగిరి అవతలి కారు మీద పడింది. తొమ్మిదేళ్ల పాప పోయింది, వాళ్లింటి పెద్దవాళ్లూ పోయారు. ఆ కుర్రాళ్ల కారు నిండా స్నేహితులే. ఒక్కరినే ఎక్కించుకోవాలన్న నియమం ఉంటే ఆ రోజు ఏమయ్యేదో నేను చెప్పలేను. కానీ అడగడానికి ఒక నియమమైనా ఉండేది.

ఇక మా గేటు సంగతి చెప్పాలి. సాయంత్రం ఐదున్నరకు కిందికి దిగి నిలబడితే చాలు. బేస్‌మెంట్ ర్యాంపు మీంచి ఇంటర్ పిల్లలు స్కూటర్ల మీద వస్తారు. బ్యాగు ముందు కాళ్ల దగ్గర, హెల్మెట్ అద్దానికి తగిలించి, వెనక ఇంకొకడు, వాడి చేతిలో ఫోను. మొన్న ఒకడు వచ్చి హారన్ కొట్టాడు. మా సెక్యూరిటీ ఆయన, శ్రీకాకుళం మనిషి, యాభై దాటాయి, పరుగున వచ్చి బూమ్ బారియర్ ఎత్తి సెల్యూట్ చేశాడు. "అదేంటన్నా, వాడికి మీసాలే రాలేదు, ఆపవా?" అన్నాను. "నేనాపితే రేపు నన్నాపేస్తారమ్మా" అన్నాడు. జొమాటో అబ్బాయి వస్తే పేరు, ఫోన్ నెంబరు, ఫ్లాట్ నెంబరు, అన్నీ రాయించుకుంటాడు. మన పిల్లల్ని మాత్రం అడగలేడు. ఆ గేటు దాటితే సర్వీస్ రోడ్డు, టిప్పర్లు, కాంక్రీటు లారీలు.

అసోసియేషన్ మీటింగులో ఈ మాట ఎత్తాను. ఒకావిడ కళ్లనీళ్లు పెట్టుకుని, "ట్యూషన్ అయ్యేసరికి ఎనిమిదిన్నర. బస్సు మన సందులోకి రాదు. క్యాబ్ బుక్ చేస్తే క్యాన్సిల్ చేస్తాడు. మేమిద్దరం ఆఫీసు నుంచి వచ్చేసరికి తొమ్మిది. ఏం చెయ్యమంటారు?" అంది. ఆవిడ మాట కొట్టిపారేయలేను. ఈ ఐటీ కారిడార్ అంతా కంపెనీ క్యాబులో తిరిగే ఉద్యోగి కోసం కట్టారు. పదహారేళ్ల పిల్లవాడు తనంతట తాను ఎలా తిరగాలో ఎవరూ ఆలోచించలేదు. ఫుట్‌పాత్ నాలుగడుగులు ఉంటుంది, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఆగిపోతుంది. కొందరు లైసెన్స్ అక్కర్లేని ఎలక్ట్రిక్ స్కూటర్ కొనిస్తున్నారు. గంటకు ఇరవై ఐదు కిలోమీటర్లు మించనివి, 250 వాట్ల లోపువి. ఆ లారీల మధ్య దాన్ని నడిపించాలన్నా నాకు గుండె దడే.

అయినా నేను నా మాట మీదే ఉన్నాను. శిక్షలు ఇంకా పెంచమని అడగను. ఉన్నవే చాలా పెద్దవి, అంత పెద్దవి కాబట్టే, పిల్లాడి జీవితం పాడవుతుందని జాలిపడి వదిలేయడం జరుగుతోందని నా అనుమానం. చిన్నదైనా తప్పించుకోలేని శిక్ష కావాలి. పోలీసులు బయోడైవర్సిటీ జంక్షన్లో నిలబడి ఎంతమందిని పట్టుకోగలరు? బండి బయల్దేరేది మా బేస్‌మెంట్ నుంచి, చేరేది కాలేజీ పార్కింగుకి. ఆపాల్సింది ఆ రెండు చోట్లే. అందుకని అసోసియేషన్ కమిటీని మూడు అడిగాను. పిల్లల పేరున టూవీలర్ స్టిక్కర్ ఇచ్చే ముందు లైసెన్స్ కాపీ చూడాలి. బండి ఆపినందుకు సెక్యూరిటీ వాళ్ల ఉద్యోగానికి ఢోకా లేదని లిఖితంగా ఇవ్వాలి. మూడోది ట్యూషన్ పిల్లలకు సాయంత్రం కలిసి ఒక వ్యాన్. డబ్బు దగ్గర అది ఆగింది, కానీ పదకొండు కుటుంబాలు ఒప్పుకున్నాయి. ఇంకో నాలుగు కుదిరితే వచ్చే నెల నుంచి నడుస్తుంది.

మీ తమ్ముడికి నువ్వు చెప్పడానికి మొహమాటపడితే నేనే ఫోన్ చేస్తాను. చిన్నది కోప్పడుతుంది, పడనీ. మీరున్నన్నాళ్లూ దాన్ని రాయదుర్గం మెట్రో దాకా నేను దింపుతాను, అక్కడి నుంచి చార్మినార్ వైపు అదే వెళ్లి రానీ. ఈలోపు పర్మిట్ సమయంలో తల్లిదండ్రులకు మీ దగ్గర ఏం చెప్తారో, ఏం సంతకం పెట్టిస్తారో వివరంగా రాసి పంపు. వచ్చే ఆదివారం మీటింగుకి నాకు అవి కావాలి.

నీ
పద్మ