కప్పు గెలిస్తే సరిపోదట!

ఫుట్‌బాల్ చూసేవాళ్ళు మన ఆఫీసుల్లో ఇప్పుడు బాగానే ఉన్నారు. శనివారం రాత్రి ప్రీమియర్ లీగ్, సోమవారం పొద్దున కాఫీ మెషీన్ దగ్గర దాని మీద వాదనలు. కానీ ఆ వాదనలన్నీ గోల్ ఎవరు కొట్టారు, రెఫరీకి కళ్ళున్నాయా లేవా అన్న దగ్గరే ఆగిపోతాయి. యూరప్ పోటీల్లో ఆడాలంటే మైదానంలో గెలిస్తే చాలదు, దాని వెనక పెద్ద ఆడిట్ ఒకటి ఉంటుంది. దాని గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. నాకేమో ఈ మధ్య ఆటకన్నా ఆ ఆడిటే ఎక్కువ ఆసక్తిగా ఉంటోంది. ఏం చేస్తాం, వృత్తిధర్మం :)

ముందు ఆ ఆడిట్ సంగతి. యూరప్ ఫుట్‌బాల్‌ని నడిపే యూఈఎఫ్ఏ, 2004-05 సీజన్ నుంచి తన పోటీల్లో ఆడే ప్రతి క్లబ్బుకీ లైసెన్సు ఉండాలని రూలు పెట్టింది. స్టేడియం ఎలా ఉంది, కుర్రాళ్ళకి అకాడమీ ఉందా, కోచ్‌కి తగిన అర్హత ఉందా, టీముకి డాక్టరున్నాడా, క్లబ్బు ఎవరి చేతిలో ఉంది, లెక్కలు ఆడిట్ అయ్యాయా... ఇలా పెద్ద చెక్‌లిస్టు. వీటిలో అసలైనది బాకీల సంగతి. ఆటగాళ్ళ జీతాలు, వేరే క్లబ్బులకి కట్టాల్సిన ట్రాన్స్‌ఫర్ డబ్బులు, ప్రభుత్వానికి పన్నులు – ఏదీ గడువు దాటి ఉండకూడదు. 2022లో రూల్స్ మార్చి ఇంకోటి చేర్చారు. ఆటగాళ్ళ, కోచ్‌ల జీతాలు, ట్రాన్స్‌ఫర్లు, ఏజెంట్ల ఖర్చు కలిపి ఆదాయంలో 70 శాతం దాటకూడదు. 2023లో 90తో మొదలుపెట్టి మెల్లగా 70కి దించారు.

ఇదంతా అవసరమా అంటే, అవసరమే అంటాను. పోర్ట్స్‌మత్ కథ చూడండి. 2008లో ఎఫ్ఏ కప్ గెలిచారు. అప్పులు నెత్తి మీదకి వచ్చి 2010 ఫిబ్రవరిలో అడ్మినిస్ట్రేషన్‌లోకి పోయారు. అయినా ఆ ఏడాది మళ్ళీ ఎఫ్ఏ కప్ ఫైనల్‌కి వచ్చారు. చెల్సీ చేతిలో ఓడినా, చెల్సీ ఎలాగూ ఛాంపియన్స్ లీగ్‌కి వెళ్తోంది కాబట్టి యూరోపా లీగ్ చోటు వీళ్ళకి రావాలి. కానీ లైసెన్సు లేదు. ఆ చోటు లీగ్‌లో ఏడో స్థానంలో ఉన్న లివర్‌పూల్‌కి పోయింది. బాధగానే ఉంటుంది, కానీ ఇందులో అన్యాయమేమీ నాకు కనపడలేదు. కట్టలేని జీతాలు ఒప్పుకుని కొనుక్కున్న ఆటగాళ్ళతో గెలవడం, బాకీల్లేకుండా నడుపుకునే పక్క క్లబ్బుకి మోసమే కదా.

ఇది మనకి సంబంధం లేని దూరపు కథేం కాదు. 2019లో మొదలైన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో ఐఎస్ఎల్ కప్పు గెలిచింది. 2023-24 వచ్చేసరికి జీతాల బకాయిలు, ఫిఫా ట్రాన్స్‌ఫర్ నిషేధం, ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోవడం, చివరికి పట్టికలో ఆఖరి స్థానం. 2025లో చేతులు మారి, ఊరే మారిపోయి ఢిల్లీకి వెళ్ళింది. నెలాఖరుకి జీతం పడకపోతే మనం ఎంత గోల చేస్తామో మనకి తెలుసు. గడువు దాటిన బాకీని ముందే పట్టుకునే రూలు ఆటని కాపాడే రూలే.

ఇంతవరకూ నేను యూఈఎఫ్ఏ పక్షమే. ఇక్కణ్ణుంచి మాత్రం కాదు.

ఇదే గొడుగు కింద ఇంకో రూలుంది. ఒకే మనిషి చెప్పుచేతల్లో ఉన్న రెండు క్లబ్బులు ఒకే పోటీలో ఆడకూడదు. ఎనిక్ అనే కంపెనీకి ఏఈకే ఏథెన్స్, స్లావియా ప్రాగ్ రెండింట్లోనూ వాటాలుండటంతో 1998లో పుట్టిన రూలిది. క్రీడల కోర్టు సీఏఎస్ 1999లో సమర్థించింది కూడా. న్యాయమే. రెండూ ఎదురెదురుగా పడితే ఆ మ్యాచ్‌ని ఎవడు నమ్ముతాడు?

ఇప్పుడు క్రిస్టల్ ప్యాలెస్ సంగతి చూడండి. 1905లో పుట్టిన క్లబ్బు. 2025 మే 17న మాంచెస్టర్ సిటీని 1-0తో ఓడించి ఎఫ్ఏ కప్ గెలిచింది. వాళ్ళ చరిత్రలోనే మొదటి పెద్ద కప్పు. దాంతో యూరోపా లీగ్ అర్హత. కానీ ప్యాలెస్‌లో దాదాపు 43 శాతం వాటా ఉన్న జాన్ టెక్స్టర్ చేతిలో ఫ్రాన్స్‌లోని లియోన్ కూడా ఉంది. అదీ అదే యూరోపా లీగ్‌కి వచ్చింది. ప్యాలెస్‌లో ఆయన ఓటు పావు వంతే, పెత్తనం లేదు అని క్లబ్బు మొత్తుకుంది. యూఈఎఫ్ఏ వినలేదు. లియోన్ తన లీగ్‌లో ఆరోది, ప్యాలెస్ పన్నెండోది. కాబట్టి జులై 11న ప్యాలెస్‌ని ఒక మెట్టు దించి కాన్ఫరెన్స్ లీగ్‌లో వేసింది. టెక్స్టర్ తన వాటా అమ్మేసినా లాభం లేకపోయింది. ఆగస్టు 11న సీఏఎస్ కూడా అప్పీలు కొట్టేసింది. ఎందుకంటే వాటాలు సర్దుకోవడానికి గడువు మార్చి 1. ఆ రోజు ప్యాలెస్ ఏం చేస్తోందో తెలుసా? కప్పు ఐదో రౌండులో మిల్‌వాల్‌తో ఆడుతోంది!

పైగా అదే లియోన్‌ని, లెక్కలు బాగోలేవని ఫ్రాన్స్ ఆర్థిక నిఘా సంస్థ జూన్‌లో రెండో డివిజన్‌కి దించింది. జులైలో అప్పీలు మీద బయటపడి, యూరోపా లీగ్‌లో నిక్షేపంగా ఆడింది.

మా టీమ్‌లో ఒకాయనతో దీని మీద పెద్ద వాదనే అయ్యింది. "డెడ్‌లైన్ అంటే డెడ్‌లైనే బాసూ. కోడ్ ఫ్రీజ్ అయ్యాక చెకిన్ చేస్తానంటే నువ్వొప్పుకుంటావా?" అన్నాడు. ఒప్పుకోను. కానీ మేనేజరు ఫారం నింపలేదని టెస్టరు జీతం కోస్తే అదీ ఒప్పుకోను. తప్పు వాటాదారుది. శిక్ష మాత్రం గోల్ కొట్టిన ఎజేకి, పెనాల్టీ ఆపిన హెండర్సన్‌కి, జీవితమంతా ఎదురుచూసిన అభిమానికి పడింది.

గడువు అందరికీ ఒకటే అంటారు. కాగితం మీద ఒకటే. 2024లో గడువు జూన్‌లో ఉండేది. ఆ ఏడాది మాంచెస్టర్ సిటీ – జిరోనా, మాంచెస్టర్ యునైటెడ్ – నీస్ జంటలకి ఇదే సమస్య వస్తే, చిన్న క్లబ్బుల షేర్లని తాత్కాలికంగా బ్లైండ్ ట్రస్టులో పెట్టించి, యజమాని వేలు పెట్టకుండా చేసి, జులైలో పచ్చజెండా ఊపారు. తరవాతి ఏడాదికి గడువు మార్చికి జరిగింది. ప్రతి ఏటా యూరప్‌కి వెళ్ళే క్లబ్బుకి మార్చిలో లాయర్లు సిద్ధంగా ఉంటారు. పట్టిక మధ్యలో ఉన్న క్లబ్బు, ఇంకా గెలవని కప్పు కోసం యజమాని చేత షేర్లు వదిలించాలంటే ఎలా?

నేనైతే ఇలా రాస్తాను రూలు. గడువులోగా యజమాని సర్దుకోకపోతే, ఒక క్లబ్బులో అతని ఓటు హక్కు ఆ సీజన్ మొత్తం ఆటోమేటిగ్గా సస్పెండ్. డైరెక్టరు కుర్చీ ఖాళీ. జరిమానా అతని జేబులోంచి, క్లబ్బు ఖాతాలోంచి కాదు. రెండు క్లబ్బులూ ఆడతాయి. ఒక యజమాని సంతకంతోనే 2024లో జరిగిన పనిని, సంతకం లేకుండా జరిగేలా చెయ్యడమే ఇది.

ప్యాలెస్‌కి కనీసం దిగడానికి ఇంకో మెట్టుంది. ఐర్లండ్‌లో ద్రోహెడా యునైటెడ్ అనే చిన్న క్లబ్బుంది. 2024లో తమ దేశపు కప్పు గెలిచి కాన్ఫరెన్స్ లీగ్‌కి అర్హత సంపాదించింది. వాళ్ళ యజమానులకే డెన్మార్క్‌లో సిల్కెబోర్గ్ కూడా ఉంది, అదీ అదే పోటీకి వచ్చింది. కాన్ఫరెన్స్ లీగ్ కింద ఇంకేమీ లేదు. 2025 జూన్‌లో ద్రోహెడాని పూర్తిగా తీసేశారు. యజమానులకి ఇంకో క్లబ్బు మిగిలింది. ద్రోహెడా జనానికి ఏం మిగిలింది?

రూలు మంచిదే. దెబ్బ ఎవరికి తగలాలో అదొక్కటే మార్చమంటున్నాను. మీరేమంటారు?