పైపు మార్చిన కారు

మొన్న మా తమ్ముడి టర్బో కారులో పిల్లలతో కలిసి విజయవాడ నుండి వస్తున్నాము. టర్బో దగ్గరి డౌన్‌పైపు తీసేసి పెద్దది వేయించాడు. ఈసీయూ ట్యూనింగ్‌కు మాత్రం డబ్బు చాల్లేదట. "ఏం పరవాలేదులేరా, శబ్దం బాగుంది" అన్నది మేమే. హైవే మీద గట్టిగా తొక్కగానే ఇంజిన్‌లో టకటకమని నాకింగ్, ఎదురుగా లైటు.

మెకానిక్ చెప్పాడు: పొగ సులువుగా పోతే టర్బో వేగంగా తిరుగుతుంది, వేస్ట్‌గేట్ ఆపలేకపోతే బూస్ట్ హద్దు దాటుతుంది. కంపెనీ మ్యాపు పాత పైపు లెక్కకు రాసినది. గాలి పెరిగితే పెట్రోలు, స్పార్క్ సమయం కూడా దానికి తగ్గట్టు మార్చాలి. లేకుంటే పిస్టన్లే పోతాయి. కెటలిటిక్ కన్వర్టర్ తీసేస్తే చట్టం ఒప్పుకోదనీ అన్నాడు.

పాత పైపే బిగించాము. కూలి మేమిచ్చాము, మాట మాదే గనుక. తమ్ముడు ఆ శబ్దాన్ని ఇంకా తలచుకుంటాడు. నిజం చెప్పాలంటే, మేమూను.