విమానప్రయాణము – మంచినీరు

శ్రీకాకుళమునుండి కారులో విశాఖపట్టణము చేరి, మేమును మా అత్తగారును ఢిల్లీకి విమాన మెక్కితిమి. పదిమంది నడుమ లేచిపోవుటకు సిగ్గుపడి ఆమె వేకువనుండి గ్రుక్కెడు నీరైనను త్రాగలేదు. దిగునప్పటికి పాదములు పొంగి, తల తిరిగి, గోడ పట్టుకొని నిలిచిరి. మాకు మిగుల భయము కలిగెను.

సోదరీమణులారా! విమానము 35,000 అడుగుల యెత్తునఁ బోవుచుండఁగా, లోపలి గాలి 6,000 మొదలు 8,000 అడుగుల కొండమీఁది గాలివలెఁ బలుచనై యుండును. మన మహేంద్రగిరి శిఖరమైనను సుమారు 4,900 అడుగులే. ఆ గాలిలో తేమ తక్కువగుటచే నోరెండును. కదలక కూర్చున్నచోఁ గాళ్లలో నెత్తురు నిలిచి వాపు వచ్చును. దూరప్రయాణములలో నెత్తురు గడ్డకట్టుటయుఁ గలదు.

తిరుగుప్రయాణమున అత్తగారికి గంటకొకసారి నీరిచ్చి, చేయిపట్టి నడిపించితిమి. కూర్చున్నచోటనే మడమలెత్తి దింపుఁడని చెప్పితిమి. వారు సుఖముగా ఇల్లు చేరిరి. విమానము దిగుచుండఁగా ప్రక్కనున్న తల్లి యేడ్చుచున్న బిడ్డకుఁ బాలిచ్చెను. మ్రింగుటచేఁ జెవిపోటు తగ్గి బిడ్డ ఊరకుండెను.

భోగాపురమున విమానాశ్రయమునకు 2023లో శంకుస్థాపన జరిగినది. ఇఁక మన జిల్లాల స్త్రీలకు ఆకాశయానము వింత గాఁబోదు. దాహము నణఁచుకొనుట మర్యాద యని మన యాఁడువారు తలఁపకుందురు గాక!