అలిగిన కెమెరా

మా కోటలో ఉప్పుగాలి ఇనుప గొళ్ళేలనే తినేస్తుంది. అరచేతి డిజిటల్ కెమెరా ఒక లెక్కా! మొన్న మా అమ్మ అలాంటిదాన్నే తెచ్చి నా ముందు పెట్టింది. కాలం చేసిన నాన్నగారి కడపటి ఫొటోలు అందులోనే ఉన్నాయి. అది పలకదు, ఉలకదు.

బ్యాటరీ తీసి, లోహపు రేకుల్ని పొడిగుడ్డతో తుడిచి, నిండా ఛార్జి చేశాను. మెలకువైతే వచ్చింది గాని, బొమ్మ చూపడం తనవల్ల కాదంది. "ఫార్మాట్ కొట్టండి మాస్టారూ!" అన్నాడు పక్కింటి కుర్రవాడు. రాసిన పలకను తుడిచేయమన్నట్టే కదండీ! కార్డు తీసి కంప్యూటరులో పెట్టాను. నాన్నగారు నవ్వుతూ ప్రత్యక్షం! తమ్ముడెప్పుడో ఆ ఫొటోలను కంప్యూటరులో దిద్ది మళ్ళీ కార్డుకెక్కించాడట. అలా దిద్దినవాటిని కొన్ని కెమెరాలు చూపలేవు.

"మీ నాన్నగారెప్పుడూ ఇంతే, వెతికితేగాని కనపడరు," అని అమ్మ నవ్వి, కళ్ళొత్తుకుంది.

బొమ్మ కార్డుకెక్కుతుండగా బ్యాటరీ లాగితే మాత్రం ఫైలు నిజంగానే చెడిపోవచ్చు. లిథియం అయాన్ బ్యాటరీని చాలాకాలం దాచాలంటే సగం ఛార్జితో, చల్లని పొడిచోట ఉంచాలి. ఉబ్బిందా, ఇక దానికి సెలవే. అన్నిటికన్నా ముఖ్యం: కనపడకపోవడం వేరు, లేకపోవడం వేరు. తుడిచేముందు ఇంకోచోట చూడండి.