కుండ చుట్టూ జనం!

రాజమండ్రి నుంచి ధవళేశ్వరం బ్యారేజీ దాటి బొబ్బర్లంక మీదుగా రావులపాలెం దారి పడితే వస్తుంది ఆత్రేయపురం. ఒకవైపు కాలువ, మరోవైపు కొబ్బరితోటలు, మధ్యమధ్యలో పూతరేకుల బోర్డులు. శనివారాలైతే వాడపల్లి వెంకన్న దర్శనానికి వచ్చిపోయే జనం ఇక్కడ ఆగి ప్యాకెట్లు కట్టించుకుంటారు. అంటే ఊళ్లో అమ్మడం కష్టమేం కాదు. ఊరు దాటించడమే కష్టం!

ఎందుకంటే... పూతరేకు అంత సుకుమారి మరొకటి లేదు. వేలు గట్టిగా తగిలితే చిట్లుతుంది. తేమ తగిలితే మెత్తబడుతుంది. ఫ్యాన్ గాలికి ఎగిరిపోతుంది. అలాంటి రేకును వెంటబెట్టుకుని డ్వాక్రా బజార్లకీ, సరస్ మేళాలకీ, ఆహారోత్సవాలకీ బయల్దేరుతారు ఇక్కడి ఆడవాళ్లు.

అక్కడ వాళ్ల అసలు ఆకర్షణ అట్టపెట్టెలో ఉండదు. కుండ మీద ఉంటుంది. జయ రకం బియ్యాన్ని నానబెట్టి, పాలలా పల్చగా రుబ్బుతారు. బోర్లించిన కుండ కింద మంట. పల్చని బట్టను పిండిలో ముంచి, రెండు చేతులా పట్టుకుని, కాలిన కుండ మీద ఒక్క లాగు లాగుతారు. అంతే! కన్ను మూసి తెరిచేలోగా పొర ఆరిపోయి రేకు లేస్తుంది. పూత పూసినట్టు తీసే రేకు కాబట్టే పూతరేకు. చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. కూర్చుంటే తెలుస్తుంది... చెయ్యి ఒక్క క్షణం ఆగితే ఒకచోట మందం, తొందరపడితే ఇంకోచోట చిల్లు.

కొత్తవాళ్లు ముందు అడిగేది రుచి గురించి కాదు, ‘ఇది కాగితమా?’ అని! తినేదేనని నమ్మించడానికి ఓ ముక్క తుంచి చేతిలో పెట్టాలి. ఆ ముక్క నాలుక మీద కరిగాక ఇక బేరం ఉండదు. వెనకాల కూర్చున్నవాళ్లు నెయ్యి రాసి, చక్కెర పొడో బెల్లం తురుమో చల్లి, చుట్టి ఇస్తూనే ఉంటారు. ఎడంగా ఉన్న తాపేశ్వరం కాజాకి పుట్టిల్లు. ఆ ఊరు 2016లో 29,465 కిలోల లడ్డూతో గిన్నిస్ రికార్డు కొట్టింది. బరువుల పందెం పూతరేకుకు కుదరదు కదా. అది చూపించుకోవాల్సింది పల్చదనమే, అదీ కళ్లెదుటే.

ఈ ప్రయాణాల్లో తిండి అమ్మకం కన్నా పెద్ద సంగతి ఒకటుంది. ఊళ్లో రేకు తీసేవాళ్లు వేరు, చుట్టి అమ్మేవాళ్లు వేరు. ఇంటి పట్టున పొయ్యి ముందు గంటల తరబడి పొగలో కూర్చునే మనిషి, రేకుల్ని వందల లెక్కన అప్పజెప్పేస్తుంది. నెయ్యి, జీడిపప్పు, రంగుల పెట్టె, దుకాణం పేరు... అవన్నీ తర్వాతి చేతులవి. చుట్టడం నాలుగు రోజుల్లో వస్తుంది, తీయడం అలా రాదు. అయినా లాభంలో పెద్ద వాటా చుట్టిన చోటే ఆగుతుంది. ఎగ్జిబిషన్లో మాత్రం ఈ వరస తిరగబడుతుంది. కుండ ముందున్న ఆమెనే జనం చూస్తారు, ఆమెనే ఫోటోలు తీస్తారు, ఆమె దగ్గరే ఫోన్ నంబరు తీసుకుంటారు. నాలుగు రోజుల అమ్మకం కన్నా ఆ నంబరు పుచ్చుకున్నవాళ్ల నుంచి పెళ్లిళ్లకీ, పండగలకీ వచ్చే ఆర్డర్లే విలువైనవి. కాకపోతే ఆ ఆర్డరు నిలబెట్టుకోవాలంటే ప్యాకెట్ మీద తయారీ తేదీ, గడువు, ఆహార భద్రతా సంస్థ ఇచ్చిన నంబరు ఉండాలి. పొడి రేకు భద్రంగా దాస్తే చాన్నాళ్లుంటుంది. నెయ్యి తగిలిన దగ్గర్నుంచీ రోజులు లెక్కెట్టుకోవాల్సిందే.

2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు దక్కింది. సర్ ఆర్థర్ కాటన్ పేరు పెట్టుకున్న స్థానిక తయారీదారుల సంఘం దరఖాస్తు చేసి సాధించింది. హైవే పొడవునా, నగరాల్లో మిఠాయి కొట్ల మీద కనిపించే ‘ఆత్రేయపురం’ బోర్డుల్లో ఊరివి ఎన్నో, ఊరు పేరు అరువు తెచ్చుకున్నవి ఎన్నో అని అడిగే హక్కు ఇప్పుడు ఉంది. అయితే చట్టం ప్రకారం ఆ గుర్తును వాడుకోవాలంటే తయారీదారులు ఎవరికి వారు అధీకృతంగా నమోదు చేయించుకోవాలి. కాగితాలు, సంతకాలు అంటే దుకాణదారు ముందుంటాడు. పొయ్యి ముందున్న మనిషిని కూడా ఆ జాబితాలోకి ఎక్కించగలిగితేనే గుర్తింపు వంటింటి దాకా చేరినట్టు.

ఇక ప్రయాణం ఏర్పాట్లంటారా... బియ్యం ఎక్కడైనా దొరుకుతాయి. నెయ్యి, పంచదార సరేసరి. దారిలో పగిలితే ఇంకోచోట దొరకనిది కుండే. దొరికినా కొత్త కుండ వెంటనే రేకు ఇవ్వదు. నూనె రాసి, కాల్చి, మళ్లీ రాసి దాన్ని దారికి తేవాలి. అందుకే తెలిసినవాళ్లు గడ్డిలో పొదిగి రెండో కుండ కూడా కట్టుకుంటారు. బట్టలు సర్దుకోవడం ఆ తర్వాతే.