ఊగెడు వేదిక

తుపాకి కాల్చుట యనగానే పాఠకసోదరీమణులకు స్ఫురించునది యొకటే: ఒక్కచోట కదలక నిలిచి, ఊపిరి బిగబట్టి, దూరముననున్న చిన్న నల్లని చుక్కపై గురి నిలుపుట. మన హైదరాబాదు బాలిక ఈషా సింగు 2023వ సంవత్సరమున చైనాలోని హాంగ్జౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో పతకములు గైకొన్నది అట్టి విద్యయందే. అందు నిశ్చలతయే సర్వస్వము. మేమిప్పుడు వ్రాయబూనినది ఆ విద్యకు తోబుట్టువే యైనను నడవడియందు కేవలము వేఱు. ఇందు మనిషి పరుగెత్తవలెను, వంగవలెను, కిటికీనుండి తొంగిచూడవలెను. ఒక్కొక్కప్పుడు కాలిక్రింది నేలయే కదలును. ఆ నేలను కదలునట్లు చేయు పని కొన్ని యేండ్లుగా మా పాలబడినది. ఇది స్త్రీల పత్రికకు తగిన విషయమా యని సందేహించువారు కొంచెము సేపు ఓపిక పట్టుదురుగాక. ఇందు మనయింటి ఉయ్యాలబల్లయే ప్రధానపాత్ర.

మేము కాపురముండునది అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున. అచ్చట ‘ప్రాక్టికల్ షూటింగు’ అను నీ క్రీడకు మిక్కిలి ఆదరణ గలదు. దీనికి అంతర్జాతీయ సంఘము 1976వ సంవత్సరమున మిస్సోరీ రాష్ట్రపు కొలంబియా పట్టణమున ఏర్పడినది. జెఫ్ కూపరు అనువారు దానికి తొలి అధ్యక్షులు. గురి, బలము, వేగము అను మూడును సమానముగా నుండవలెనని వారి సూత్రము. అందుచేతనే లభించిన మార్కులను పట్టిన సెకండ్లతో భాగించి ఫలితము కట్టుదురు. 100 మార్కులు 20 సెకండ్లలో తెచ్చుకొన్నవారికి 5 వచ్చును. 90 మార్కులే యైనను 15 సెకండ్లలో ముగించినవారికి 6 వచ్చును. నిదానస్థుడు ఓడును, తొందరపడి గురితప్పినవాడును ఓడును.

పోటీ జరుగు ఒక్కొక్క రంగమును ‘స్టేజి’ యందురు. మూడువైపుల ఎత్తైన మట్టికట్ట; దాని నడుమ కొయ్యగోడలు, తలుపులు, కిటికీలు, పీపాలు, అట్టతో చేసిన గురిబొమ్మలు. వీనిని నిర్మించువారు కూలివాండ్రు కారు, ఆ సంఘపు సభ్యులే. మావారు సభ్యులైన క్రొత్తలో మేము పులిహోర డబ్బాతో వెంటబోయి నీడను కూర్చుండెడివారము. ఎంతకాలము కూర్చుండగలము? ఒకనాడు మేకులందించితిమి, మఱునాడు కొలత పట్టితిమి, మూడవనాడు రంపము చేతబట్టితిమి. చీరను కత్తిరించుటకు ముందు రెండుసార్లు కొలుచుకొను అలవాటు గల చేతులకు కొయ్య కత్తిరించుట అంత క్రొత్తపని కాదు.

కదలెడు వేదికలను పలువురు పలువిధముల చేయుదురు. పాత మోటారుటైర్లపై చెక్క బిగింతురు. బలమైన స్ప్రింగులపై నిలుపుదురు. గుండ్రని దుంగమీద పలకనుంచి తక్కెడవలె వాలునట్లు చేయుదురు. గొలుసులతో వ్రేలాడదీయుదురు. వీనియందు ఏది మేలని మా సంఘమున వాదము పుట్టుటకు కారణము పొరుగూరి పోటీలో జరిగిన యొక సంగతి.

అచ్చట దుంగమీది పలకను వాడిరి. అఱువదియేండ్లు దాటిన యొక వనిత, తేలికైన శరీరము గలది, చక్కని గురి గలది, దానిపై కాలిడెను. పలక ఒక్కపెట్టున వెనుకకు వాలెను. ఆమె చేయి తనంతటతానే ఆధారము వెదకికొనెను; పిస్తోలు నేలబడెను. ఆమె వ్రేలు మీటపై లేదు గనుకను, ఆయుధము మంచిది గనుకను గుండు ప్రేలలేదు. పిస్తోలు జాఱవిడిచినవారు ఎంతటివారైనను ఆ దినపు పోటీనుండి తొలగవలసినదే. దానిని తామే తీయనుగూడ తీయరాదు, వెంటనున్న అధికారియే తీయవలెను. ఆమె మాఱు పలుకక తన సంచి సర్దుకొని పోయెను. చూచినవారిలో కొందఱు, ఆమె వయస్సువారు ఇట్టివానికి రాకుండుటయే మంచిదనిరి. ఆ మాట మాకు ములుకువలె గ్రుచ్చుకొన్నది. వాలినది పలక, నింద మాత్రము స్త్రీపై బడినది.

కొన్ని నెలలకు మా సంఘము పెద్దపోటీ జరుపవలసివచ్చి, అందొక ఊగెడు వేదిక కావలెనని నిశ్చయించిరి. వడ్రంగములో ఆఱితేఱిన యొక పెద్దమనిషి స్ప్రింగుల పక్షము పట్టెను. మేము గొలుసుల పక్షము పట్టితిమి. ఆయన స్ప్రింగులు చౌకయనెను, మోసికొనిపోవుట సులభమనెను. రెండును నిజమే. కాని స్ప్రింగునకు పక్షపాతమున్నది. 50 కిలోల స్త్రీ నిలిచినపుడు ఒక యంగుళము క్రుంగు స్ప్రింగు, 100 కిలోల పురుషుడు నిలిచినపుడు రెండంగుళములు క్రుంగును. ఊగు వేగమును బరువునుబట్టి మాఱును. ఒకే స్టేజి యని పేరేగాని ఒక్కొక్కరికి ఒక్కొక్క పరీక్ష యగును. ఉయ్యాల యట్టిది కాదు. దాని కాలము గొలుసు పొడవునుబట్టి యుండునుగాని యెక్కినవారి బరువునుబట్టి యుండదు. చంటిబిడ్డను పరుండబెట్టినను, తాతగారు కూర్చుండినను ఉయ్యాలబల్ల ఒకే తాళమున పోయివచ్చుట మనమెఱుగనిదా?

ఆయన నమ్మలేదు. అపుడు మేము వంటయింటినుండి రెండు సమానమైన త్రాళ్లు తెచ్చి, ఒకదానికి నిమ్మకాయను, మఱొకదానికి చిన్న కల్వపు పొత్రమును గట్టి, కొనలు ఒకే ఎత్తున వ్రేలాడునట్లు దూలమునుండి విడిచితిమి. రెండును కలిసి పోయినవి, కలిసి వచ్చినవి. పెద్దమనిషి తన గడియారము తీసి పదిమాఱులు లెక్కించెను. పిదప గొలుసుల ధర యెంతయని యడిగెను.

అట్లని ఏ గొలుసైనను చాలదు. పొడవు మూడడుగులైనచో ఒకసారి పోయివచ్చుటకు దాదాపు 2 సెకండ్లు పట్టును. తొమ్మిదంగుళములే యైనచో 1 సెకండు. పొడవు నాల్గవవంతైనచో కాలము సగమగునన్నమాట. పొట్టిగొలుసు మనిషిని కంగారుపెట్టును, కాలు తడబడును. పొడుగుగొలుసు ఆలోచనకు అవకాశమిచ్చును. ఊపు కొనకు వచ్చినప్పుడు బల్ల క్షణకాలము నిలుచును గదా. నేర్పరి యగువాడు ఆ క్షణమును కనిపెట్టి కాల్చును. మఱికొందఱు మోకాళ్లను వదులుచేసి, నడుము క్రిందిభాగమును బల్లకు విడిచి, భుజములను మాత్రము గాలిలో నిలిపినట్లుంచుదురు. బిందె నెత్తిపై బెట్టుకొని గట్టుమీద నడచు మన పల్లెపడుచులు ఈ విద్యలో ఎవరికిని తీసిపోరని మాకు తోచును. కావున మూడడుగుల గొలుసునే యెంచితిమి.

గొలుసులు నాలుగును నిట్టనిలువుగా నుండవలెను. పైన ఎడముగా, క్రింద దగ్గఱగా కట్టినచో బల్ల ఊగుటయేగాక ఒకవైపునకు వాలును; పాదము జాఱును. మేము తాపీవానివలె గుండునూలు వ్రేలాడదీసి ఒక్కొక్క గొలుసును సరిచూచితిమి. ఏ గొలుసు తెగినను తక్కిన వానిపై భారము పడును గనుక, ఒక్కొక్కటియు మనిషి బరువునంతను దుముకుడుతోగూడ తానొక్కటే మోయదగినదిగా తెచ్చితిమి. నోరు తెఱచియుండు కొక్కెములను దగ్గఱకు రానీయలేదు. మరబిగించు లంకెలనే వాడితిమి.

బల్ల నాలుగడుగుల చదరము. అడుగున కొయ్యచట్రము, పైన ముప్పాతిక అంగుళపు ప్లైవుడ్డు. ఇచ్చటి కొయ్య అడితీలలో ‘రెండు నాలుగు’ అని యమ్ము కొయ్య నిజమునకు ఒకటిన్నర అంగుళము మందము, మూడున్నర వెడల్పు మాత్రమే యుండును. ఇది బహిరంగరహస్యము, ఎవరును కోపగించుకొనరు. మన ఊరిలో మూరకు నాలుగు వ్రేళ్లు తగ్గించిన బట్టలకొట్టువాని గతి యేమగునో తలచుకొని మేము నవ్వుకొంటిమి. ప్లైవుడ్డు తడిసిన నున్ననగును గనుక, ఇండ్లపై కప్పు గఱుకు తారుపలకలను దానిపై మేకులతో దిగగొట్టితిమి.

బల్ల నేలకు నాలుగంగుళముల యెత్తుననే వ్రేలాడవలెనని మేము పట్టుబట్టితిమి. నియమముల ప్రకారము ఇంకను ఎత్తుగా కట్టవచ్చును. ఒక మీటరు మించినపుడు ఎక్కుటకు పట్టు, దిగుటకు తగిన వసతియు నుండవలెననియు, పోటీదారులు ముందుగా పరీక్షించుకొనుట కవకాశ మీయవలెననియు నిబంధన. కాని చేతిలో నిండుపిస్తోలున్న మనిషి జాఱినచో అది మెట్టుదిగినట్లుండవలెనేగాని పడినట్లుండరాదు. ఎత్తు తక్కువయైనను ముందుగా ఎక్కిచూచుకొను హక్కును అందఱికి నిచ్చితిమి.

ఇక ఎటు ఊగవలెను? ముందువెనుకలకు ఊగినచో తడబడినవాడు వెల్లకిల పడబోవును, పిస్తోలు మొన ఆకాశమునకు లేచును, గుండు మట్టికట్టను దాటును. అందుచేత ముందువెనుకల పలకలు బిగించి ఆ కదలికను ఆపివేసితిమి. ప్రక్కలకు మాత్రము అటు నాలుగంగుళములు, ఇటు నాలుగంగుళములు. అంతకుమించి పోకుండ టైరుముక్కలను అడ్డముగా బిగించి, రెండుప్రక్కల నడుమెత్తు కమ్మీలు నిలిపితిమి. పిస్తోలు మొన ఎదుటి మట్టికట్టకు సమాంతరమైన వరుసను దాటి వెనుకకు తిరిగినచో పోటీదారు తొలగవలసియుండును. కమ్మీ యున్నచో తడబడినవాని దేహము దానికి ఆనును, చేయి వెనుకకు పోదు. చట్రమునకును బల్లకును నడుమ వ్రేలు నలుగకుండ సందు విడిచి, అంచులకు పసుపురంగు పూసితిమి.

పోటీనాడు ఆ వృద్ధవనిత వచ్చెను. మేము పిలువలేదు, పేరిచ్చినవారి పట్టికలో ఆమె పేరున్నది. ఎక్కిచూచుకొను సమయమున ఆమె బల్లపై నిలిచి, కమ్మీ పట్టుకొని, అటునిటు ఊగి, గొలుసులవంక చూచెను. ఏమియు ననలేదు. తన వంతు వచ్చినపుడు నడచివచ్చి ఎక్కెను. రెండూపులవఱకు కాల్చలేదు. ప్రక్కనున్న యువకుడు సమయము వృథాయగుచున్నదని నొచ్చుకొనెను. పిదప ఊపు కొనకు వచ్చినప్పుడెల్ల రెండేసి గుండ్లు, ఒక్కొక్క బొమ్మకు. నాలుగు బొమ్మలు ముగించి ముందువైపు దిగి నడచిపోయెను. ఫలితములలో ఆమె నడిమివరుసలో నిలిచెను. ఆమెకంటె బరువైనవారు, యువకులు పలువురు ఆమె క్రింద నుండిరి. ఎవ్వరును ఉయ్యాలను నిందింపలేదు.

స్ప్రింగుల పెద్దమనిషి ఆ సాయంకాలము లంకెలు విప్పుచు, వచ్చు వసంతపు పోటీకి పండ్రెండడుగుల ఊగువంతెన కట్టవలెననియు, గొలుసుల కొలతలు మేమే తేల్చవలెననియు చెప్పెను. బల్ల యిప్పుడు మా పెరటి కొట్టమున టార్పాలిను క్రింద నున్నది. మాసమున కొకసారి గొలుసులకు నూనె పూసి, కందిరీగలు గూడు పెట్టకుండ చూచుట మా వంతు. ఎండ తగ్గినపుడు పొరుగింటి పిల్లలు దానిని బయటికి లాగుమని వచ్చి గుమ్మమున నిలుచుచున్నారు.