ఉమా మేడమ్ ఎక్కడండీ?



నేను ఈ స్కూల్లో చేరాక జరిగిన మొదటి పేరెంట్స్ మీటింగ్ నాకు బాగా గుర్తుంది. ఒక నాన్నగారు క్లాస్ గుమ్మం దగ్గర నిలబడి, లోపలికి తొంగిచూసి, నన్నే అడిగారు: “ఉమా మేడమ్ ఎక్కడండీ?”

“నేనేనండీ” అన్నాను. ఆయన ఇబ్బందిపడి సారీ చెప్పారు. ఆయన తప్పేమీ లేదు. యాప్‌లో క్లాస్ టీచర్ పేరు ‘ఉమా’ అనే కనిపిస్తుంది.

నా పూర్తి పేరు ఉమామహేశ్వరరావు. మా తాతయ్య పేరు. రాధాకృష్ణ, సీతారామయ్య, లక్ష్మీనారాయణ, గౌరీశంకర్... అమ్మవారి పేరు ముందు, అయ్యవారి పేరు వెనక ఉండే ఇలాంటి పేర్లు మనకు కొత్త కాదు. మా ఊళ్ళో నన్ను ‘ఉమా’ అని పిలిస్తే ఎవరికీ అమ్మాయి గుర్తొచ్చేది కాదు, తాతయ్యే గుర్తొచ్చేవారు. ఆన్‌లైన్ ఫారాల్లో ‘ఫస్ట్ నేమ్’ అనే గడి వచ్చి, అందులో మొదటి ముక్క ఒక్కటే మిగిలాక నాకు చిక్కు మొదలైంది.

బీఈడీలో టీచింగ్ ప్రాక్టీస్‌కి వెళ్ళిన స్కూల్లో నన్ను చూడకముందే, పేరు చూసి, సంక్రాంతి ముగ్గుల పోటీకి ఇన్‌ఛార్జిగా వేశారు. నా తోటి అబ్బాయిలకు ఆటల పోటీలు ఇచ్చారు. అందరం నవ్వుకున్నాం. కానీ ఒక సంగతి మాత్రం నాకు అర్థమైంది. పేరు చూసి మనిషి ఆడో మగో అనుకోవడంతో మనం ఆగం. ఏ పని ఇవ్వాలో కూడా అక్కడే తేల్చేస్తాం.

ఇంత తెలిసినవాణ్ణి, అదే పొరపాటు ఒక పిల్లవాడి విషయంలో నేనే చేశాను. వాళ్ళమ్మగారిని అడిగే ఇది రాస్తున్నాను. బాబు అసలు పేరు రాయను, ‘తేజస్వి’ అనుకుందాం.

ఏడో తరగతిలో కొత్తగా చేరాడు. పంద్రాగస్టు కార్యక్రమానికి లిస్టులు తయారు చేస్తూ, అటెండెన్స్ రిజిస్టర్ ముందు పెట్టుకుని, అమ్మాయిల స్వాగత నృత్యంలో అతని పేరు రాసేశాను. మర్నాడు క్లాసులో చదివాను. ఒక్కసారిగా అందరూ నవ్వారు. తేజస్వి లేచి నిలబడ్డాడు, ఏమీ అనలేదు, కూర్చున్నాడు. నేను “సారీ నాన్నా” అని పేరు కొట్టేసి, పాఠంలోకి వెళ్ళిపోయాను. అంతటితో అయిపోయిందనుకున్నాను.

అవలేదు. ఆ తర్వాత రోజూ అటెండెన్స్‌లో నేను ‘తే...’ అనగానే “ప్రెజెంట్ సార్” అనేసేవాడు. పేరు పూర్తిగా వినపడకూడదని అలా అంటున్నాడని నాకు తెలిసేసరికి రెండు వారాలు పట్టింది.

అది కూడా వాళ్ళమ్మగారు వచ్చి చెబితేనే. “సార్, మావాడి పేరు మార్పించాలంటే ఏం చేయాలి? పదో తరగతికి వెళితే ఇంక కష్టమంటున్నారు కదా” అన్నారు. ఎందుకండీ అని అడిగితే, ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పారు. బాబు నెలలు నిండకుండా పుట్టాడట. చాలా రోజులు ఇంక్యుబేటర్‌లో ఉంచారట. బయటికి తెచ్చి చేతిలో పెట్టిన రోజు, ఆ ముఖంలో వెలుగు చూసి వాళ్ళ నాన్నగారు పెట్టిన పేరట అది.

“ఇది బాబుకి తెలుసా అమ్మా?” అన్నాను.

“చిన్నపిల్లాడు, భయపడతాడని ఎప్పుడూ చెప్పలేదు సార్.”

పేరు మార్చే సంగతి తర్వాత చూద్దాం, ముందు ఇది బాబుకి చెప్పండి అని బతిమాలాను. తర్వాత మా తెలుగు మాస్టారి దగ్గరికి వెళ్ళాను. ఆయన నవ్వి, “తపస్వి అంటే ఎవరు? తపస్సు చేసే ముని. ఆడవారైతే తపస్విని. తేజస్వి, తేజస్విని కూడా అంతే. సంస్కృతం లెక్కన మీవాడిది మగపేరే. ఇప్పుడు అమ్మాయిలకూ పెడుతున్నారు, అదీ బాగానే ఉంది” అన్నారు.

మరి నాకు ఎందుకు ఆడపేరులా వినిపించింది? ‘ఇ’తో ముగుస్తుంది కాబట్టి. జానకి, కళ్యాణి, సరస్వతి విన్న చెవి కదా! కానీ హరి, రవి, మురళి, ఫణి కూడా ‘ఇ’తోనే ముగుస్తాయి. అమెరికాలో ఉన్న మా పిన్ని కొడుకు సూర్యకు ‘మిస్ సూర్య’ అని ఉత్తరాలు వస్తుంటాయి. మరియా, ఒలీవియా అలవాటైన చెవికి ‘ఆ’తో ముగిసేది ఆడపేరు. మనం ఇంతవరకు ఎవరెవరిని చూశామో, వాళ్ళనే కొత్త పేరులోనూ చూస్తున్నామన్నమాట.

మర్నాడు క్లాసులో, అందరి ముందు, ఈసారి సరిగ్గా క్షమాపణ చెప్పాను. నా ముగ్గుల పోటీ కథ చెప్పాను. రుద్రమదేవి శాసనాల్లో ‘రుద్రదేవ మహారాజు’గా కనిపిస్తుందని చెప్పాను. ఆడవాళ్ళు రాసిన పుస్తకం మగపిల్లలు చదవరేమోనని పబ్లిషర్లు అనుకోబట్టే, 1997లో మొదటి హ్యారీ పాటర్ పుస్తకం మీద రచయిత్రి పేరు జె.కె. రౌలింగ్ అని వచ్చిందని చెబితే పిల్లలు నమ్మలేదు. అంతలో వెనక బెంచీ నుంచి ఒకడు, “సార్, యశస్వి జైస్వాల్!” అన్నాడు. 2024లో మన విశాఖపట్నంలో ఇంగ్లండ్ మీద 209 పరుగులు కొట్టిన బ్యాట్స్‌మన్. అదే ‘స్వి’. నేను చెప్పినవన్నీ ఒక ఎత్తు, ఆ ఒక్క పేరు ఒక ఎత్తు.

ఆ రోజు ఇంగ్లిష్ హోంవర్క్‌గా ‘నా పేరు’ మీద ఒక పేరా రాయమన్నాను. పేరు ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని. చాలామంది, “ఇంట్లో ఎప్పుడూ అడగలేదు సార్” అన్నారు. తేజస్వి రాసుకొచ్చాడు. ఇంక్యుబేటర్ స్పెల్లింగ్ తప్పు రాశాడు. నేను ఎర్ర పెన్ను పెట్టలేదు.

తర్వాతి రోజు అటెండెన్స్‌లో, నేను పేరు పూర్తిగా పిలిచేదాకా ఆగాడు. అప్పుడు అన్నాడు, “ప్రెజెంట్ సార్.” పేరు మార్పు గురించి వాళ్ళమ్మగారు మళ్ళీ అడగలేదు.

ఇప్పుడు నేను ఒక అలవాటు చేసుకున్నాను. పేరు ఒక్కటే తెలిసిన పేరెంట్‌కి ఫోన్ చేస్తే సార్ అనో మేడమ్ అనో మొదలుపెట్టను, ‘గారు’ అంటాను. ఇంగ్లిష్‌లో ఉత్తరం రాస్తే మిస్టరా, మిసెస్సా అని ఆగాలి. మన ‘గారు’కి ఆ బాధ లేదు, అందరికీ ఒకటే మర్యాద.

మీకు నా మనవి ఒక్కటే. ఈ వారం, భోజనాల దగ్గర, మీ పిల్లలకు వాళ్ళ పేరు కథ చెప్పండి. తాతమ్మ పేరైనా, సినిమా చూసి పెట్టినదైనా, పుస్తకంలో వెతికి పెట్టినదైనా ఫర్వాలేదు. ఎవరైనా నవ్విన రోజున ఆ కథ వాళ్ళ దగ్గర ఉండాలి.

వచ్చే మీటింగ్‌లో కలుద్దాం. గుమ్మం దగ్గర “ఉమా మేడమ్ ఎక్కడండీ?” అని అడిగినా ఏం ఫర్వాలేదు. నేను పలుకుతాను.